నీళ్ళ మీద తేలిన ముక్క

"ఏం చేస్తుంటావు?" అని ఎవరైనా అడిగితే "మాంసం కోస్తుంటాను" అనేవాణ్ణి. ఒక పెళ్ళిచూపుల్లో కూడా అలాగే అన్నాను. కాఫీ చల్లారక ముందే సాగనంపారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఆపరేషన్ థియేటర్ నుంచి సీసాలో వచ్చిన మనిషి ముక్కని మందునీళ్ళలో గట్టిపరిచి, స్పిరిట్‌లో ఆరబెట్టి, మైనపు దిమ్మలో పొదిగి, ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి, డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద పెట్టడం మా పని. చూసేది ఆవిడ. చెప్పేది ఆవిడ. కోసేవాళ్ళం మేం.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న మీకు అన్నీ మెషీన్లే అని విన్నాను. సాయంత్రం ముక్కలు అందులో వేసి ఇంటికి పోతే తెల్లారేసరికి అదే సిద్ధం చేస్తుందట. సంతోషం. కానీ ఆ గోరువెచ్చని నీళ్ళ గిన్నె మాత్రం ఇంకా ఉందట కదా? కోసిన పొరని ముడతల్లేకుండా తేలేసే గిన్నె? అది ఉన్నంత కాలం నేను చెప్పబోయేది పాతబడదు. అందుకే రాస్తున్నాను. లేకపోతే ఈ వయసులో నాకు కోళ్ళ గురించి రాయాల్సిన అవసరం లేదు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఊరంతా సిమెంటు లారీలు, కొత్త ముఖాలు. మా ఆసుపత్రి హార్బర్ వైపు దిగే వాలులో ఉండేది. పేరు చెప్పను, మీరూ వెతక్కండి, ఆ భవనం ఇప్పుడు లేదు. గాలి ఒకవైపు నుంచి కొడితే ఎండుచేపల వాసన, ఆగిపోతే మా ఫార్మలిన్ మందునీళ్ళ వాసన. వచ్చినవాళ్ళు ఏది నయమో తేల్చుకోలేక ముక్కు మూసుకునే ఉండేవారు. ల్యాబ్‌లో మేం ముగ్గురం. మేడమ్, అదే డాక్టరమ్మ, కృష్ణా జిల్లా మనిషి, నవ్వడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలనుకునే రకం. భాయ్, మా సీనియర్ టెక్నీషియన్, పాతపోస్టాఫీసు వైపు దర్జీల కుటుంబం. మూడోవాణ్ణి నేను. కొత్తగా చేరినవాణ్ణి, నోరు ఆగనివాణ్ణి. అపెండిక్స్ సీసా తీసుకురావడానికి థియేటర్‌కి వెళ్ళి, సర్జన్ గారితో "సార్, పేషెంటు కన్నా ఇదే ఆరోగ్యంగా ఉంది" అన్నాను ఒకసారి. ఆయన నవ్వలేదు. మర్చిపోనూ లేదు. ఆ సంగతి మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

ల్యాబ్‌తో పాటు టెక్నీషియన్ కోర్సు కూడా ఉండేది. శరీరంలో కణజాలాలు నాలుగు రకాలని పాఠం. ఉపకళ, సంయోజక కణజాలం, కండరం, నాడి. పుస్తకంలో ఈ మాటలు చదివితే పిల్లలకి నిద్ర వచ్చేది. భాయ్ చెబితే రాదు. తన నీలం రంగు కోటు తీసి టేబుల్ మీద తిరగేసి పరిచేవాడు.

"అరే బాబూ, ఇది చూడండి. లోపల మెరిసేది ఏంటి? లైనింగ్. మన నోరు, పేగు, గొట్టాలు, గ్రంథులు, అన్నిటికీ లోపల ఇదే పూత. ఉపకళ. లైనింగ్‌కీ పైగుడ్డకీ మధ్య ఏముంది? కాన్వాసు. ఆకారం నిలబెట్టేది, అతికించి ఉంచేది. సంయోజకం. నడుం దగ్గర లాగితే సాగి మళ్ళీ దగ్గరకొచ్చే ఎలాస్టిక్? కండరం."

"మరి నాడీ కణజాలం భాయ్?" అని ఎవరో ఒకరు అడిగి తీరేవారు. దానికోసమే ఆయన ఆగేవాడు.

"దర్జీకి సూది గుచ్చుకుంటే అరుస్తాడు చూడు. అది."

ఆ తరవాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పేవాడు. "ఏ గుడ్డ ఎక్కడుండాలో అక్కడుంటే కోటు మంచిది. లైనింగ్ ముక్క తన చోటు వదిలి కాన్వాసు మధ్యలో కనబడిందా, కోటు చెడిందని అర్థం. అప్పుడు మేడమ్ గారి ముఖం చూడండి, మీకే తెలిసిపోతుంది."

ఈ నాలుగూ ఒకే పలక మీద చూపించాలంటే పేగుని మించింది లేదు. లోపల లైనింగ్, దాని వెనక కాన్వాసు, చుట్టూ కండరం, కండరాల మధ్య చిన్న చిన్న నాడీ ముడులు. మనిషి పేగు అడగ్గానే దొరకదు కదా. అందుకని భాయ్ తన వీధిలోని చికెన్ కొట్టు నుంచి కోడిపేగు తెచ్చేవాడు. తాజాది. "కోడి మనకన్నా నయం, కడుపులో ఏమీ దాచుకోదు" అనేవాడు. ఏళ్ళ తరబడి బ్యాచ్‌ల కొద్దీ పిల్లలు మానవ శరీర నిర్మాణాన్ని కోడి దగ్గరే నేర్చుకున్నారు. అందరూ పాసయ్యారు.

ఇక గిన్నె. కరెంటు గిన్నె ఎప్పుడో చెడిపోయింది. స్పిరిట్ దీపం మీద ఎనామిల్ పళ్ళెం, అందులో గోరువెచ్చని నీళ్ళు. కత్తి నుంచి రిబ్బన్‌లా వచ్చిన మైనపు పొరని ఆ నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. కింద నుంచి గాజు పలక పెట్టి, చేప పిల్లని దోసిట్లో పట్టినట్టు పైకి తీయాలి. ఒక ముక్క కోత అయ్యాక నీళ్ళ మీద కంటికి ఆనని తుంపులు మిగిలిపోతాయి. అందుకని మా దగ్గర ఒక ఆచారం. కోత ముగించినవాడు న్యూస్‌పేపర్ పీలికతో నీళ్ళ పైభాగాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకి తుడవాలి. ఎవరు ముగిస్తే వాళ్ళు. దీన్ని ఎవరూ రాసిపెట్టలేదు. పనిమనిషి వాకిలి ఊడ్చినంత సహజంగా జరిగిపోయేది.

ఇలాంటి సమయంలో మా కిటికీ దగ్గరకి క్రేన్ డ్రైవర్ వచ్చాడు.

పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఇక్కడివాడే. కుడి ముంజేతి మీద, మణికట్టుకి కాస్త పైన, నిమ్మకాయంత గడ్డ. సర్జన్ అందులోంచి చిన్న ముక్క తీసి మాకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా క్రేన్ ఎక్కకూడదన్నారు. ఆ మనిషికి నేల మీద నిలబడటం చేతకాదు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ, కిటికీ ఊచలు పట్టుకుని, ముక్క మా దగ్గరకి వచ్చిన రోజు నుంచీ అక్కడే.

"ఏటి బావా, నా ముక్క ఏటంతాది?"

"ఇంకా నోరు విప్పలేదు. స్పిరిట్‌లో ఉంది."

"స్పిరిట్టులోనా?" అని కళ్ళు పెద్దవి చేశాడు. "నన్నేమో సుక్క ముట్టొద్దన్నారు. దానికి మాత్రం పోత్తన్నారా?"

నాకు వాడు నచ్చేశాడు. నా జోకులకి నవ్వకుండా తిరిగి జోకు వేసిన మొదటి పేషెంటు. మర్నాడు మళ్ళీ.

"ఇప్పుడెక్కడుంది?"

"మైనంలో."

"నాను క్రేన్ దిగి ఇన్నాళ్ళయింది బావా. నా ముక్క మాత్రం స్నానాలు సేత్తాంది, మైనం పూయించుకుంటాంది. పెళ్ళికూతురేటది?"

నవ్వుతూనే అన్నాడు గానీ ఊచల మీద వేళ్ళు ఆగడం లేదు. క్రేన్ లీవర్లు ఉన్నట్టు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. "సెయ్యి తీసెత్తారా బావా?" అన్నాడు ఉన్నట్టుండి. "సెయ్యి లేకపోతే నానేటి సెయ్యాలి? కిందన నిలబడి జెండా ఊపాల?"

"ముక్క చెప్పనీ" అన్నాను. ఇలాంటి ప్రశ్నకి నా దగ్గర జోకు ఉండదని అప్పుడే తెలిసింది.

అతని దిమ్మ సిద్ధమైన రోజున భాయ్ పిల్లలకి కోడిపేగు కోసి చూపిస్తున్నాడు. నీళ్ళ మీద రిబ్బన్ తేలుతోంది, పిల్లలు చుట్టూ మూగారు. కిటికీలోంచి క్రేన్ డ్రైవర్ గొంతు. "ఇయ్యాలైనా నాది అవుద్దా? లేదంటే నానే లోపలికొచ్చి కోసుకుంటాను. కత్తి ఎక్కడుంది?" పిల్లలు పకపకా నవ్వారు. మేడమ్ తన గదిలోంచి తలుపు తోసుకుని వచ్చింది.

"భాయ్, ఆయనది ముందు కోసేయండి. ఈ గొడవలో నేను మైక్రోస్కోపు చూడలేకపోతున్నాను."

భాయ్ కోడి దిమ్మ తీసి పక్కన పెట్టాడు. క్రేన్ డ్రైవర్ దిమ్మ బిగించాడు. పాఠం సగంలో ఆగింది, తరవాత మళ్ళీ మొదలెట్టాలి. అంటే కోడి కోత ముగియలేదు. ముగియని కోతకి నీళ్ళు తుడిచేవాడు ఎవరు? ఆచారం ప్రకారం ఎవరూ కాదు. ఆ క్షణంలో అక్కడ ఉన్న ఏ ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. అందరి ధ్యాసా కిటికీ మీద ఉంది.

సాయంత్రానికి రంగు వేసిన పలక మేడమ్ టేబుల్ మీదకి వెళ్ళింది. ఆవిడ చూసింది. ఇంకోసారి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. భాయ్ నా వైపు చూశాడు.

"కాన్వాసే" అంది మేడమ్. ఆవిడ కూడా భాయ్ మాటలే వాడేది, ఒప్పుకునేది కాదు గానీ. "అంతా సంయోజక కణజాలమే. కానీ ఈ అంచున గ్రంథులున్నాయి. చిన్న గుంపు. ముంజేతి లోపల గ్రంథులు ఎందుకుంటాయి?"

లైనింగ్ ముక్క కాన్వాసు మధ్యలో. అంటే ఎక్కడో లోపల పుట్టిన క్యాన్సర్ రక్తంలో కొట్టుకొచ్చి చేతిలో దిగింది. అలా రావడం అరుదు, అసాధ్యం కాదు. ఎక్కడ పుట్టిందో మాత్రం పలక చెప్పలేదు. మేడమ్ ఉన్నదున్నట్టు రాసి పంపింది. మీ రోజుల్లోలా మనిషిని సొరంగంలోకి తోసి ఫోటోలు తీసే మెషీన్లు లేవు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. సర్జన్ నిర్ణయించారు. కడుపు తెరిచి చూద్దాం.

ఇది మీకు అర్థం కావాలి. ఆ రోజుల్లో అది విడ్డూరమేమీ కాదు. తెరిచి, పేగులన్నీ చేత్తో తడిమి, దొరికితే తీసేసి, దొరక్కపోతే కుట్టేసేవారు. కొందరు బాగానే లేచేవారు. కొందరికి కుట్లు చీము పట్టేవి. కొందరు లేచేవారు కాదు. లేచినవాళ్ళని మాత్రం మళ్ళీ నిచ్చెనెక్కి క్రేన్ క్యాబిన్‌లో కూర్చోమని ఏ ఆఫీసరూ సంతకం పెట్టడు.

వాలు కిందనున్న వార్డుకి వెళ్ళి చూశాను. మంచం మీద కూర్చునే ఉన్నాడు, పడుకోవడం ఇష్టం లేనట్టు. పక్కన భార్య, ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్ముతుంది. తెల్లారకముందే వేలం చూసుకుని అటునుంచి అటే వచ్చినట్టుంది, కొంగుకి ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి.

"పొట్టలో ఏటి ఎతుకుతారు బావా?" అన్నాడు.

"అది ఎక్కడ నుంచి వచ్చిందో."

"సరుకు ఏ ఓడలో వచ్చిందో తెలీకపోతే ఓడలన్నీ బద్దలుకొట్టి సూత్తారేటి? మా పోర్టులో ఇలాగ సేత్తే ఉద్యోగం పీకేత్తారు."

భార్య అతని నోరు మూయించింది. "ఊరుకోవయ్యా. డాట్రు బాబులకి తెలీదా?" అని నా వైపు తిరిగి, "బాబూ, కోసినాక మళ్ళీ మెట్లెక్కుతాడా?" అంది.

తెలీదని చెప్పి వచ్చేశాను. ల్యాబ్‌కి వెళ్ళే దారిలో మెట్లన్నీ రెండేసి ఎక్కాను, ఎందుకో తెలీదు. పనిలో చెయ్యి నిలబడలేదు. భాయ్ కూడా ఆ వారమంతా పీలిక పట్టుకుని గిన్నె తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిందే తుడుస్తూ. అప్పుడు నాకు అది అలవాటు అనిపించింది. ఇప్పుడాలోచిస్తే ఆయనకి మనసులో ఏదో కొట్టుకుంటున్నట్టుంది, ఏమిటో పట్టుబడలేదు.

ఆపరేషన్ రోజే పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష పడింది. మేడమ్ పొద్దున్నే వచ్చి పరీక్షకి పలకలు సరిచేసుకుంటోంది. ప్రతి మైక్రోస్కోపులోనూ ఒక కణజాలం మీద బాణం గుర్తు పెట్టాలి, పిల్లలు వచ్చి పేరు రాయాలి. కోడిపేగు పలక పెట్టి లైనింగ్ మీద బాణం నిలబెట్టబోయి, ఆగిపోయింది.

"ఇది ఎవరిది?"

"కోడిది మేడమ్. పేరు అడగలేదు" అన్నాను.

ఆవిడ వినలేదు. "ఆ క్రేన్ డ్రైవర్ పలక తీసుకురా. ఇప్పుడే."

తెచ్చాను. అది పెట్టింది. కోడిది పెట్టింది. మళ్ళీ అది. ఆవిడ చెయ్యి పక్కనే ఉన్న కాగితాల్ని తడుముతోంది, ఏదీ తీసుకోవడం లేదు.

"ఇటు రా. ఆ గ్రంథుల పక్కన చిన్న రక్తనాళం ఉంది. అందులో రక్తకణాలు ఎలా ఉన్నాయో చెప్పు."

చూశాను. కోలగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మధ్యలో నీలంగా గింజ.

మీకు పాఠంలో చెప్పే ఉంటారు, అయినా చెబుతున్నాను. మన ఎర్రకణాలు గుండ్రంగా, మధ్యలో ఖాళీగా ఉంటాయి. గింజ, అదే కేంద్రకం, ఉండదు. గింజ ఉండేది పక్షులకి, చేపలకి, కప్పలకి. అదే పలకలో కాస్త ఇవతల, కాన్వాసు మధ్యలో ఉన్న రక్తనాళంలో కణాలకి గింజలు లేవు. ఒకే మనిషిలో రెండు రకాల రక్తం ప్రవహించదు. పోర్టులో పనిచేసేవాడికైనా సరే.

"ఆ రోజు నీళ్ళు ఎవరు తుడిచారు?" అంది మేడమ్.

భాయ్ గోడకి వేలాడుతున్న తన కోటు వైపు చూస్తున్నాడు. నేను భాయ్ వైపు చూస్తున్నాను. ముగ్గురిలో ఏ ఒక్కరికీ తుడవాలని తట్టలేదు. నిజం అంతే.

మేడమ్ థియేటర్‌కి ఫోన్ చేసింది. ఆపరేషన్ల వేళ ఆ ఫోన్ ఎత్తి పక్కన పెట్టేస్తారు. "భాయ్, గిన్నె కడిగి కొత్త నీళ్ళు పోయండి. ఆ దిమ్మ ఇంకా లోతుగా కోయండి. గ్రంథులు నిజంగా అతనివైతే లోపల కూడా ఉంటాయి. నువ్వు పరిగెత్తు. ఆపమని చెప్పు. నేను వెనక వస్తున్నాను." ఆవిడకి మోకాలు నొప్పి. మెట్లు ఎక్కడం అంటే ఆవిడ లెక్కలో ఊరు మారడం.

పరిగెత్తాను. థియేటర్ గుమ్మంలో సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పులు!" అవి ఎక్కడ వదిలానో ఇప్పటికీ తెలీదు. లోపల సర్జన్ గారు మోచేతుల దాకా సబ్బు నురగతో చేతులు కడుక్కుంటున్నారు. పక్కన ట్రాలీ మీద క్రేన్ డ్రైవర్, మత్తు ముందు ఇచ్చే ఇంజెక్షన్‌తో సగం కళ్ళు మూసుకుని.

"సార్, ఆపండి. కోడి."

"ఏం కోడి?"

"ఆ ముక్కలో ఉన్నది కోడి సార్. అతను కాదు."

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు. నా కాళ్ళకి చెప్పుల్లేకపోవడం కూడా చూశారు. "అపెండిక్స్ జోకు వేసింది నువ్వే కదూ?"

"సార్, ఇది జోకు కాదు."

"బయటికి నడువు."

నా ఉద్యోగంలో మొట్టమొదటిసారి ఒక పెద్దమనిషికి పూర్తి నిజం చెప్పాను. అది నేను అంతవరకూ వేసిన జోకులన్నిటికన్నా చవకగా వినిపించింది. ఇంకేం చెప్పినా అంతే. రక్తకణాలు, గింజలు, గిన్నె, నా నోట్లోంచి వస్తే అన్నీ అలాగే వినిపిస్తాయి. ఆయన చేతులు కడగడం ముగించారు. చేతులు రెండూ పైకెత్తి, నీళ్ళు మోచేతుల నుంచి కారుతుండగా, టవల్ వైపు తిరిగారు.

ఫార్మలిన్‌తో, రంగులతో ఊదాగా మారిన నా చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాను.

సిస్టర్ కెవ్వున అరిచింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కడిగిన చేతిని ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచి కడగాలి. బ్రష్షు, సబ్బు, గోళ్ళ సందులు, అంతా. ఆయన ముఖం ఎర్రబడింది. నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. తిట్టుకుంటూనే మళ్ళీ కుళాయి దగ్గరకి తిరిగారు.

ఆ అరుపులకి ట్రాలీ మీద మనిషి కదిలాడు. కళ్ళు తెరవకుండానే, ముద్దముద్దగా అన్నాడు.

"కోడేటి సార్? నిన్నటి కాడ నుంచి నీల్లే ఇవ్వలేదు నాకు."

ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో అందరికన్నా నాకే నవ్వు రాలేదు.

రెండోసారి కడగడం సగంలో ఉండగా మేడమ్ వచ్చింది. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, చేతిలో పాత పలక. "డాక్టర్ గారూ, కడుపు తెరవకండి. రిపోర్టు తప్పు. రాసింది నేనే. ఆ గ్రంథులు అతనివి కావు, పాఠానికి కోసిన కోడివి. మా గిన్నెలో కలిసింది."

"మీరు రాసి సంతకం పెట్టారు."

"పెట్టాను. ఇప్పుడు తప్పని కూడా రాసి సంతకం పెడతాను. కాగితం ఇప్పించండి."

ఆవిడ అక్కడే, గోడకి ఆనించి, సిస్టర్ ఇచ్చిన కాగితం మీద రాసింది. సర్జన్ చదివారు. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. చేతులు తుడుచుకుని, "పదండి, నా కళ్ళతో చూస్తాను" అన్నారు. ఆయన మా ల్యాబ్ గుమ్మం తొక్కడం అదే మొదలు. చెప్పుల్లేకుండానే ఆయన వెనక మెట్లు దిగాను.

భాయ్ దిమ్మ కోస్తున్నాడు. మిగిలింది గోరంత. అంతకుముందే సగం కోసేశాం కాబట్టి ఇంకెన్ని పొరలు వస్తాయో తెలీదు. పళ్ళెం మెరిసేలా తోమాడు. నీళ్ళు కొత్తవి. ప్రతి పొరకీ ముందు ఒకసారి, తరవాత ఒకసారి, పీలికతో తుడుస్తున్నాడు. కిటికీ బయట క్రేన్ డ్రైవర్ భార్య ఊచలు పట్టుకుని నిలబడింది. ఎవరు చెప్పారో, ఎలా వచ్చిందో. ఒక్క మాట అడగలేదు. అతను అడిగిన అడగడాలన్నిటికన్నా ఆ మౌనం ఎక్కువ తొందరపెట్టింది. అయినా ఈసారి భాయ్ తొందరపడలేదు. రంగుల్లో ముంచి తీసేంతసేపు పలకని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, సర్జన్ గారిని కూడా.

తడి ఆరకుండానే మేడమ్ చూసింది. పక్కకి జరిగింది. సర్జన్ వంగారు. పాత పలక చూశారు, కొత్తది చూశారు, పరీక్ష కోసం పెట్టిన కోడిపేగు చూశారు.

కొత్త పొరల్లో అంతా కాన్వాసే. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా. లైనింగ్ ముక్క ఒక్కటి కూడా లేదు.

సర్జన్ తల ఎత్తారు. "కోడి" అన్నారు.

అంత పెద్ద డాక్టరు నోట ఆ మాట అంత గంభీరంగా ఇంకెప్పుడూ వినలేదు. కిటికీ వైపు తిరిగి, "అమ్మా, మీ ఆయన కడుపు కొయ్యడం లేదు" అన్నారు. ఆమె ఊచలు వదిలి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తరవాత జరిగింది మీరు ఊహించుకోగలరు. చేతి గడ్డ చిన్న ఆపరేషన్‌తో తీసేశారు. మంచి రకం గడ్డే. "కాన్వాసు ఒకచోట ఎక్కువ మడత పడింది, అంతే" అన్నాడు భాయ్. నాకు మెమో వచ్చింది, స్టెరైల్ చేతులు ముట్టుకున్నందుకు. దానికి జవాబులో "కోడి కారణంగా" అని రాస్తే మేడమ్ కొట్టేయించింది. ఆ రోజు నుంచి పాఠం కోడికి వేరే పళ్ళెం. కోత ముగిసినా ముగియకపోయినా, దిమ్మ మార్చిన ప్రతిసారీ తుడవాలని మేడమ్ నియమం పెట్టింది. తుడిచినవాడు "తుడిచాను" అని పైకి అనాలి. వినడానికి పిచ్చిగా ఉండేది. అంతా అలవాటుపడ్డాం. భాయ్ మాత్రం పాఠంలో ఆ సూది జోకు చెప్పడం మానేశాడు. పిల్లలు అడిగినా, "నాడి అంటే నాడే" అనేవాడు.

క్రేన్ డ్రైవర్‌కి జరిగింది చెప్పింది నేనే. మేడమ్ చెబుతానంది, కానీ కిటికీ దగ్గర కుదిరిన స్నేహం నాది. జోకులాగే మొదలెట్టాను. అతను నవ్వలేదు.

"కోడిపేగు కోసం నా పొట్ట కోసీవోళ్ళా?"

"కొయ్యలేదుగా."

"ఆపకపోతే కోసీవోళ్ళు కదా." ముఖం తిప్పుకున్నాడు. ఆపింది ఎవరో కూడా చెబుదామనుకున్నాను. ఏమని చెబుతాను? అతను వెళ్ళిపోయాడు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు మా కిటికీ వైపు నుంచి రాలేదు, ఆవలి వరండాలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాడు. కోపం రావడంలో తప్పేముంది? అయినా చాలా రోజులు ఆ కిటికీ వైపు చూడకుండా పని చెయ్యలేకపోయాను. ఊచల మీద చేతులు లేకపోతే ఆ కిటికీ ఏదో తప్పిపోయినట్టుండేది.

ఏళ్ళు గడిచాయి. భాయ్ రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. మేడమ్ బదిలీ అయి వెళ్ళింది. ల్యాబ్‌లో సీనియర్ని నేనే. ఒకరోజు దువ్వాడ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను. ప్లాట్‌ఫాం అంతా ఫ్యాక్టరీ షిఫ్టు జనం. వెనక నుంచి ఎవరో భుజం మీద ఒక్కటేశారు.

"బావా! మాంసం బావా!"

లావెక్కాడు. జుట్టు పలచబడింది. కుడిచేతిలో టిఫిన్ క్యారియర్, ముంజేతి మీద చిన్న తెల్లటి మచ్చ. ఇంకా క్రేన్ మీదే ఉన్నానన్నాడు. క్యారియర్ నా చేతిలో పెట్టి, ప్లాట్‌ఫాం నడిమధ్యలో, అంత జనం చూస్తుండగా, చొక్కా పైకెత్తాడు.

"సూడు. గీత లేదు."

నున్నగా, కుండలా, ఎక్కడా గీటు లేని పొట్ట. పక్కనున్న ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. నేను మాత్రం చూశాను. ఇంతకన్నా బాగున్న పలక ఏ మైక్రోస్కోపు కిందా చూడలేదు.

"పొట్ట బాగా పెరిగింది" అన్నాను.

"కోడి తింటన్నాను కదా. పగ తీర్సుకుంటన్నాను." చొక్కా దించుకుని, ముఖం దగ్గరగా పెట్టి, నవ్వు లేకుండా అడిగాడు. "బావా, ఆ గిన్నె నీల్లు. ఇప్పుడెవరు తుడుత్తన్నారు?"

"నేనే" అన్నాను.

అతను సరే అన్నట్టు తల ఊపి, నా చేతిలోంచి క్యారియర్ తీసుకున్నాడు.